మా కొట్టు మడత

ఈ అధ్యాయం రాయకుండా తప్పించుకోవడానికి ఇన్నాళ్ళూ నేను పడిన పాట్లు రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది. మా అమ్మ కొట్టే కందిపొడి గురించి రాశాను, మా నాయనమ్మ ముక్కుపొడి డబ్బా గురించి రాశాను, మా బడి పెంకులు వానాకాలంలో ఎన్ని చోట్ల కారేవో కూడా రాశాను. ఆ పెంకుల కింద మాకు పాఠం చెప్పిన తవిటినాయుడు మేష్టారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ రెండు పేరాలు రాసి, ఆయన మంచితనాన్ని నాలుగు మాటల్లో పొగిడి, పక్క సంగతిలోకి జారుకున్నాను. చదివినవాళ్ళు ఆ పొగడ్తనే మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. పోయిన నెల ఆయన కూతురు విజయ విజయనగరంలో మా ఇంటికి రాకపోయి ఉంటే ఇంకో రెండు పేరాలు పొగిడేసి ఊరుకునేదాన్ని.

విజయ శ్రీకాకుళంలో నర్సుగా చేసి ముందుగానే రిటైరైంది. నాకంటే పదమూడేళ్ళు చిన్న. నన్ను 'అప్పా' అంటుంది. మా వైపు అప్ప అంటే అక్క. మేష్టారు పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళమ్మ సత్యవతమ్మ మొన్న వేసవిలో పోయింది. తల్లి పెట్టె సర్దుతుంటే తండ్రి జైలునుంచి రాసిన కార్డులు కొన్ని దొరికాయట. వాటినీ, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళ జ్ఞాపకాలనూ కలిపి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నానని, దానికి ముందుమాట నేనే రాయాలని అడగడానికి వచ్చింది. ఎమర్జెన్సీలో ఒక పల్లెటూరి మేష్టారు ఏం చేశాడో ఈ కాలం పిల్లలకి తెలియాలంది. నేను ఉబ్బిపోయి తప్పకుండా రాస్తానన్నాను. కాఫీ తాగి, సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, ఏదో మర్చిపోయినదానిలా వెనక్కి తిరిగింది. "అప్పా, మా జగన్నాథం మావ పేరు మాత్రం ఎక్కడా రానీకు. అమ్మకి మాటిచ్చీసినాను" అంది.

నా చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. విజయ వాళ్ళ మేనమావే మేష్టారిని పోలీసులకి పట్టించాడని ఊరంతా నమ్మింది. ఆయన పట్టించలేదని తెలిసినది ఈ భూమ్మీద నాకొక్కదానికే. విజయని మళ్ళీ కూర్చోబెట్టాను, ఇంకో కాఫీ తాగుదామని చెప్పి. ఆ కాఫీ కాచేలోపు నాకు గుర్తొచ్చినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది కోటబొమ్మాళి బజారులో కిరాణా కొట్టు. ముందు అరుగు, వెనక మేముండే ఇల్లు. కొట్టుకి తలుపు బదులు అంకెలు వేసిన చెక్కలుండేవి. తెల్లవారగానే నాన్న వాటిని వరసగా ఊడదీసి గోడకి ఆనించేవాడు. మొదటి చెక్క తీసేసరికి లోపల మగ్గిన వాసనలన్నీ బజారులోకి వచ్చిపడేవి. చింతపండు, బెల్లం, ఎండుమిరప, కిరసనాయిలు, అన్నిటి మీదా ఇంగువ. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్లలు నా పుస్తకాలు కూడా ఇంగువ వాసనే అని ఏడిపించేవాళ్ళు. నాన్నకి రెండు పట్టుదలలు. ఏ కాగితమూ పారెయ్యకూడదు. పొట్లం కట్టేటప్పుడు సిరా ఉన్న వైపు సరుకుకి తగలకూడదు. సిరా అంటిన జీలకర్ర తింటే కడుపులో పుండు పడుతుందని ఆయన నమ్మకం. అందుకని మా పొట్లాలకి రాత ఎప్పుడూ బయటికే ఉండేది. సంతకొచ్చిన వాళ్ళలో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు మా పొట్లాలు చదువుకుంటూ ఇళ్ళకి పోయేవారు.

పొట్లం మడత మా నాయనమ్మది. చివరి కొసని వెనక్కి తిప్పి లోపలి పొరలోకి దూర్చేది. పురికొస లేకపోయినా ఆ పొట్లం బండి మీంచి పడినా విచ్చేది కాదు. బజారులో మిగతా కొట్లవాళ్ళు నేర్చుకోవాలని చూశారు, వాళ్ళకి కుదరలేదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ వంటింట్లో చూసినా పొట్లాన్ని బట్టి అది మా కొట్టు సరుకని ఆడవాళ్ళు చెప్పేసేవారు. నాయనమ్మకి ఆ సంగతి మహా గర్వం. నాకు ఎనిమిదో ఏట వచ్చింది ఆ మడత. స్కూలు ఫైనలు పాసయ్యాక నన్ను కాలేజీకి పంపలేదు కాబట్టి, పదిహేడేళ్ళ వయసులో మధ్యాహ్నాలు కొట్టు నా పెత్తనం కిందే ఉండేది. నాన్న భోంచేసి నడుం వాల్చేవాడు.

ఉదయాలు మాత్రం అరుగు మేష్టారిది. తవిటినాయుడు మేష్టారు పాసింజరు బండి వేళకి సైకిలు మీద స్టేషనుకి పోయి పేపరు తెచ్చుకుని, బడిగంట కొట్టేలోపు మా అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. స్టేషను కూలీలు, వడ్లబండ్ల వాళ్ళు, మిల్లుకి పోయే ఆడవాళ్ళు నిలబడి వినేవారు. ఆయన పద్ధతి ఒకటుండేది. కళ్ళజోడు పెట్టుకున్నంతసేపూ పేపర్లో ఉన్నది ఉన్నట్టు చదివేవాడు. తన అభిప్రాయం చెప్పాలంటే పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు తీసేవాడు. అద్దాలున్నప్పుడు పేపరు మాట, తీసాక నా మాట, రెండూ కలిపి ఊళ్ళో చెప్పకండి అనేవాడు. ఆయన కళ్ళజోడు తియ్యబోతే బండివాళ్ళలో ఒకడు, అద్దాలు పెట్టీయండి మేష్టారూ, మీ మాట మాకొద్దు అని అడ్డం పడేవాడు. అందరూ నవ్వేవారు. మేష్టారూ నవ్వి మళ్ళీ పెట్టుకునేవాడు. ఒక పెద్ద చదువుకున్నాయన్ని ఒక బండివాడు అందరి ముందూ కాదనడం, దానికి ఎవరి మొహమూ మాడకపోవడం అప్పుడు నాకు గొప్పగా తోచలేదు. రోజూ జరిగేది కదా అని. ఇప్పుడు ఫోనులో వచ్చేవాటిలో ఏది వార్తో, ఏది చెప్పేవాడి కడుపుమంటో తెలుసుకోలేక తికమకపడుతున్నప్పుడు ఆయన గుర్తొస్తాడు.

ఎమర్జెన్సీ వచ్చాక పేపర్లో అక్కడక్కడా ఖాళీలు రావడం మొదలైంది. మేష్టారు వాటినీ చదివేవాడు. "ఇక్కడ జానెడు మేర ఖాళీ" అని, వార్త చదివిన గొంతుతోనే. మొదట్లో జనం నవ్వారు. తరవాత పక్క ఊళ్ళలో ఒకరిద్దరు మనుషులు కనబడకుండా పోయారు. దాంతో నవ్వు ఆగిపోయింది, వినేవాళ్ళు తగ్గారు. నాన్నకి భయం పట్టుకుంది. అచ్చువేసింది చదవండి మేష్టారూ, వెయ్యనిది మనకెందుకు అని బతిమాలాడు.

"ఎయ్యనిదీ వార్తే కదా, సెట్టిగారూ" అన్నాడు మేష్టారు.

ఆ మర్నాడు నాన్న ఆయనకి దణ్ణం పెట్టి, ఆడపిల్ల ఉన్న ఇల్లు, ఇకమీదట ఇంకెక్కడైనా చదువుకోండి అన్నాడు. మేష్టారు పేపరు మడిచి సైకిలు కేరేజీకి పెట్టుకుని వెళ్ళిపోయాడు. అరుగు బోసిపోయింది. నాయనమ్మ రెండురోజులు నాన్నతో మాట్లాడలేదు.

తరవాత ఆయన మధ్యాహ్నాలు వచ్చేవాడు, బెల్లం కొనడానికి. ఒకరోజు బెల్లం కొని, సంచీలోంచి కాగితాల కట్ట తీసి నా చేతికిచ్చాడు. సైక్లోస్టైల్ కాగితాలు, ఒకవైపే రాత. తాలూకాలో ఎవరెవరిని పట్టుకుపోయారో పేర్లున్నాయి. ఎందుకు పట్టుకుపోయారో ఇంట్లోవాళ్ళకి చెప్పలేదనీ, కోర్టులో అడిగే దారి కూడా లేకుండా చేశారనీ ఉంది. చివర, "అడగడానికి భయపడితే భయం ఒక్కరోజుది. అడగడం మానేస్తే అది అలవాటు" అని మేష్టారి గుండ్రటి అక్షరాల్లో ఉంది. మేష్టారి కాగితం అని అడిగి వచ్చే ఇద్దరు ముగ్గురికే పంచడానికి తలా కాసిని ఇవ్వాలి, ఇంకెవరికీ కాదు, నాన్నకి కూడా తెలియనీకు అన్నాడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. నన్ను ఒక పెద్ద మనిషిని చేసి మాట్లాడిన మొదటివాడు ఆయన. ఆ వారంలో అవి తీసే మిషను చూస్తానంటే బడికి తీసుకెళ్ళి చూపించాడు కూడా. సైన్సు గదిలో బీరువా వెనక, గోనె కప్పి, సైక్లోస్టైల్ మిషను. హేండిలు నా చేత ఒకసారి తిప్పించాడు. తిప్పితే కాగితం నల్లగా, తడిగా బయటికొచ్చింది.

కట్టని చింతపండు బుట్ట వెనక దాచాను. ఇక్కడే మా ఇంట్లో తప్ప ఇంకే ఇంట్లోనూ జరగని పొరపాటు జరిగింది. ఏటేటా పరీక్షలైపోయాక బడిలో మిగిలిన ప్రశ్నపత్రాలు మా కొట్టుకే వచ్చేవి. అవీ సైక్లోస్టైల్ కాగితాలే, అవీ ఒకవైపే రాత, అవి తెచ్చిచ్చేదీ మేష్టారే. సంతరోజున నేనూ అమ్మా టెక్కలిలో పేరంటానికి వెళ్ళాం. కొట్లో జనం కిటకిటలాడుతున్నారు, కాగితం అయిపోయింది. నాన్న వెతుక్కుంటూ బుట్ట వెనక చెయ్యి పెడితే కట్ట దొరికింది. మేష్టారి పరీక్ష కాగితాలు కాబోలు అనుకున్నాడు. సంత హడావిడిలో ఎవడు చదువుతాడు? నాయనమ్మకి చదువే రాదు. ఇద్దరూ కూర్చుని మధ్యాహ్నందాకా జీలకర్ర, మెంతులు, ఆవాలు, ఇంగువ ఆ కాగితాల్లో కట్టారు. రాత బయటికి పెట్టి, మా కొట్టు మడతలో, కొస లోపలికి దూర్చి.

పొద్దువాలేవేళ బస్సు దిగి నడిచివస్తుంటే సంతనుంచి తిరిగిపోతున్న ఒకామె బుట్టలో పైనే ఉంది పొట్లం. మేష్టారి గుండ్రటి అక్షరాలు దూరాన్నుంచే గుర్తుపట్టాను. నిజం చెప్పాలంటే ముందు నాకు నవ్వొచ్చింది. ఇద్దరు ముగ్గురికి అందాల్సినది ఇరవై ఊళ్ళకి పోయింది కదా అని గర్వంగా కూడా అనిపించింది. ఆ తరవాతే పోలీసులు గుర్తొచ్చి పరుగెత్తాను. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన చెక్కలు వేసేసి లోపల కూర్చుండిపోయాడు.

రెండురోజులకి ఎస్సై వచ్చాడు. ఒక కానిస్టేబులు భార్య మెంతులు కొనుక్కుందట. ఎస్సై ఆ పొట్లాన్ని బల్లమీద పెట్టి, ఈ మడత ఏ కొట్టుదని బజార్లో ఎవరినడిగినా చెప్పారు అన్నాడు. నాయనమ్మ గర్వపడిన ఆ మడతే మమ్మల్ని పట్టించింది. నాన్న పరీక్ష కాగితాలనుకున్నానండీ అని నీళ్ళు నమిలాడు. ఆయన్ని స్టేషనుకి తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. ఊరికే కూర్చోబెట్టారు. అమ్మ పొయ్యి వెలిగించలేదు. నాయనమ్మ ముక్కుపొడి డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

మధ్యాహ్నం ఎస్సై ఒక్కడే మళ్ళీ వచ్చాడు. నేను కొట్లో ఉన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నాయనమ్మ మజ్జిగ తెచ్చిస్తే తాగి, గ్లాసు పక్కన పెట్టి, చదువుకున్న పిల్లలా ఉన్నావు, ఎంతదాకా చదివావమ్మా అనడిగాడు. స్కూలు ఫైనలు పాసయ్యానన్నాను. మార్కులడిగాడు, చెప్పాను. బాగా వచ్చాయే అన్నాడు. అప్పుడడిగాడు.

"ఈ కాగితాలు ఎవరిచ్చారమ్మా?"

"తవిటినాయుడు మేష్టారండి" అన్నాను. తరవాత ఆయన ఇంకేమీ అడగకుండానే, "మిషను బళ్ళో సైన్సు గదిలో ఉంటుందండి. బీరువా వెనకాల, గోనె కప్పి" అన్నాను.

ఎస్సై నావంక ఒక క్షణం చూశాడు. ఆయనకి కూడా ఆశ్చర్యమే వేసి ఉంటుంది. లేచి, నా తలమీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

పేరు చెప్పడానికి నాకు ఒక సాకుంది. నాన్న స్టేషన్లో ఉన్నాడు, నాకు పదిహేడేళ్ళు, ఎవరైనా చెప్పేవారే. ఆ సాకుని నేను చాలా ఏళ్ళు వాడుకున్నాను, నాకు నేనే వినిపించుకున్నాను. మరి మిషను సంగతి ఎందుకు చెప్పాను? అది ఎవరూ అడగలేదు. అధికారం ఉన్న మనిషి ఒకడు నా ఎదురుగా కూర్చుని నా మార్కులు మెచ్చుకుంటే, అతనికి ఇంకా నచ్చాలనిపించింది. నిజం అంతే. భయపడి చెప్పినదానికి సిగ్గు తక్కువ. మెప్పుకోసం చెప్పినదానికి ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మొహం చేతులతో కప్పుకుంటాను. ఏలేవాళ్ళు దేశాన్ని భయపెట్టి లొంగదీస్తారని పుస్తకాల్లో చదివాను. నా వరకు భయం సగం పనే చేసింది, మిగతా సగం నేనే ఎదురెళ్ళి చేసిపెట్టాను.

నాన్న దీపాలవేళకి ఇంటికొచ్చాడు. మర్నాడు మేష్టారిని తరగతిలోంచి తీసుకుపోయారు. విశాఖపట్నం జైలుకి పంపారని తరవాత తెలిసింది. ఎమర్జెన్సీ ఎత్తేసేదాకా రాలేదు. ఉద్యోగం పోయింది. అప్పటికి విజయకి నాలుగేళ్ళు. సత్యవతమ్మ పెసలూ మినుములూ తిరగట్లో విసిరిపెట్టి, కూలికి పోయి ఇల్లు నడిపింది. మా కొట్టుకే వచ్చేది. నాన్న ఆమెకి కొలత కాస్త ఎక్కువే వేసేవాడు, కళ్ళెత్తి చూసేవాడు కాదు. నేనే పేరు చెప్పానని ఆయనకి తెలుసు. నాయనమ్మకీ తెలుసు. ముగ్గురమూ ఆ మాట ఇంట్లో ఎప్పుడూ ఎత్తుకోలేదు.

సత్యవతమ్మకి ఒక తమ్ముడున్నాడు, జగన్నాథం. తాలూకా కచేరీలో గుమాస్తా. నవ్వితే బజారు చివరిదాకా వినిపించేది. మిషనుని ఎక్కడినుంచో బండిలో తెచ్చినప్పుడు బావకి సాయంపట్టి సైన్సు గదిలోకి మోసినది ఆయనే. ఆయన సర్కారు ఉద్యోగి. పోలీసులు వచ్చి తిన్నగా బీరువా వెనక్కే పోయారు. ఇంకేం కావాలి? ఒకరోజు సత్యవతమ్మ ధనియాలకని వచ్చి, నేను పొట్లం కడుతుంటే బల్లమీద రెండుచేతులూ ఆనించి నిలబడింది.

"మా తమ్ముడే సెప్పీసినాడే, కామేశూ. మిషను ఎక్కడున్నాదో ఆడికి తప్ప ఇంకెవులికి తెలుసు?"

"అలాగా" అన్నాను. అని, కొస లోపలికి దూర్చి, పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

పేరు చెప్పిన రోజు కంటే ఈ ధనియాల రోజే నాకు ఎక్కువ సిగ్గు. ఆ రోజు నాన్న స్టేషన్లో ఉన్నాడు. ఈ రోజు నాకేమీ ఆపద లేదు. ఒక మనిషి మీద పడిన నింద నా మీద పడకుండా పోయిందని లోపల ఊపిరి పీల్చుకున్నాను. జగన్నాథం అక్క ఇంటికి వచ్చి నిలబడిన రోజు నాకు గుర్తుంది. వాళ్ళిల్లు మా కొట్టుకి ఎదురు సందులో. అరటిపళ్ళ గెల పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు తియ్యలేదామె. ఎండెక్కేదాకా నిలబడి, గెల అరుగుమీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను చూస్తూ బెల్లం తూచాను. కొన్నాళ్ళకి ఆయన ఉద్యోగం మానేసి సాలూరులో లారీ ఆఫీసులో కుదిరాడని విన్నాను.

మేష్టారు జైలునుంచి చిక్కి సగమై వచ్చాడు. నాన్న తనే పోయి పిలిచి అరుగుమీద చాప వేశాడు. మళ్ళీ పేపరు, మళ్ళీ కళ్ళజోడు. బావమరిది గురించి ఆయన ఒక్క చెడ్డమాట అనగా నేను వినలేదు. నా గురించి కూడా అనలేదు. ఆయనకి ఏం తెలుసో ఏం తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆయన వచ్చే వేళకి పెరట్లో పని పెట్టుకునేదాన్ని.

ఈలోపు ఊళ్ళో కథ మారిపోయింది. సెట్టిగారు ధైర్యం చేసి మేష్టారి కాగితాలని పొట్లాలు కట్టి ఇరవై ఊళ్ళకి పంపారని చెప్పుకున్నారు. మీటింగు పెట్టి నాన్నకి దండ వేశారు. కాదు బాబూ పొరపాటున జరిగిందని ఆయన మొదట్లో అనేవాడు, అది వినయమనుకుని ఇంకా మెచ్చుకున్నారు. చివరికి ఊరుకున్నాడు. నాన్న పోయాక ఆ దండ నా మెడకొచ్చింది. నేను పెళ్ళయి విజయనగరం వచ్చాను, పుస్తకాలు రాశాను, పేరొచ్చింది. కాలేజీల్లో ప్రజాస్వామ్యం గురించి మాట్లాడమని పిలిచేవారు. పొట్లాల కథ చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, చూసుకోండి. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేదాన్ని, అంతే. అంత తెలివి ఉంది నాకు.

ఆ తెలివి ఇప్పటికీ పోలేదు. మా అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తులో ఒక లెక్చరరు ఉంటుంది. మొన్నామధ్య మా వాట్సాప్ గ్రూపులో ఆమె ఒక ప్రశ్న పెట్టింది. భూముల కోసం ధర్నా చేసినవాళ్ళని పట్టుకుపోయి మూడురోజులైంది, వాళ్ళు ఎక్కడున్నారో ఎవరూ చెప్పరేం అని. పది నిమిషాల్లో మెసేజీ తీసేశారు. ఇక్కడ రాజకీయాలు వద్దు, పండగ ఏర్పాట్లు మాట్లాడుకుందాం అని ఒకరు రాశారు. వరసగా బొటనవేళ్ళ బొమ్మలు. మర్నాడు ఇద్దరు పోలీసులు వచ్చి ఊరికే మాట్లాడి పోయారట ఆమెతో. నేనంతా చూశాను. ఫోను బోర్లా పెట్టాను. లిఫ్టులో ఆమె కనిపిస్తే నీళ్ళ టాంకరు ఎన్నింటికి వస్తుందని అడిగాను. అప్పట్లో పేపర్లో ఖాళీ ఉంటే ఎవరో కత్తెర వేశారని తెలిసేది. ఇప్పుడు ఎవరి కత్తెర వాళ్ళ దగ్గరే ఉంది. ఆ వారంలోనే ఒక కాలేజీలో నాకు శాలువా కప్పారు.

కాఫీ పొంగింది. రెండు గ్లాసుల్లో పోసి తెచ్చి విజయ ముందు కూర్చుని, చెప్పాను. ఎస్సై అడిగినదీ, అడగనిదీ, వాళ్ళమ్మ ధనియాలు కొన్నరోజు నేనన్న మాటా. విజయ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక కాఫీ గ్లాసు ముట్టుకోకుండా నా వైపు జరిపింది.

"మావకి తెలుసేటి ఈ సంగతి?"

తెలియదన్నాను.

"ఐతే లెగండి. సాలూరు ఎల్దాం" అంది. అప్పా అనలేదు. ఏకవచనం పోయి మీరు వచ్చింది. అది సరైనదే అనిపించింది.

బస్సులో గజపతినగరం దాటేదాకా ఏం చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. ముప్పై ఏళ్ళుగా రాస్తున్న దాన్ని కదా, మంచి వాక్యాలే వచ్చాయి. విజయ కిటికీలోంచి చూస్తూ ఒకసారి మాత్రం మాట్లాడింది. అమ్మ చివర్లో తమ్ముణ్ణి కలవరించేదని, పిలుద్దామంటే వద్దనేదని చెప్పింది. ఆ తరవాత నా వాక్యాలేవీ గుర్తులేవు.

జగన్నాథంగారి ఇల్లు లారీలకి బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో ఉంది. వరండాలో పాత లారీ సీటు ఒకటి వేసుకుని దానిమీద కూర్చున్నారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఎప్పుడో ఇరవయ్యేళ్ళ కిందట ఒక పెళ్ళిలో దూరంనుంచి చూసిన మేనకోడల్ని మొహం చూడగానే పోల్చారు. మా అప్ప మొహమే అని లేవబోయి లేవలేకపోయారు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. విజయ ఆయన పక్కన కూర్చుని, మావా, ఈవిడ నీకొక మాట సెప్పాల అంది. నేను నిలబడే చెప్పాను. మిషను సంగతి ఎస్సైకి చెప్పింది నేనండి, అన్నాను.

ఆయనకి వెంటనే అందలేదనుకున్నాను. షెడ్లో సుత్తి దెబ్బలు ఆగినప్పుడు అడిగారు.

"బీరువా ఎనకాల ఉన్నాదని కూడా నువ్వే సెప్పినావా?"

"నేనేనండి."

"గోనె కప్పీసి ఉన్నాదని?"

"అదీ నేనే."

ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. తరవాత నాతో కాదు, విజయతో చెప్పారు. బావని తీసుకుపోయే ముందు వారంలో కచేరీలో టీ తాగుతూ ఎవరితోనో, మా బావకి బళ్ళో పని తెమలడం లేదు, చేతులకి సిరా వదలడం లేదు అన్నారట. అన్నారో, అనుకున్నారో కూడా ఇప్పుడు తెలియదట. "ఆ మాటే పట్టుకుని బావని తీసుకుపోయినారని అనుకున్నాను. యాభై ఏళ్ళబట్టి అదే ఎతుక్కుంటన్నాను, ఎవులితో అన్నాను, ఏటన్నాను అనీసి. మా అప్ప తలుపు తియ్యకపోతే నాయమే కదా అనుకున్నాను. అందుకే నాను కాదని ఎప్పుడూ అన్లేదు" అన్నారు.

నేను ఆయన కాళ్ళ దగ్గరికి వంగాను. కాళ్ళు సీటు మీదికి లాక్కున్నారు, విసురుగా కాదు, మెల్లిగా. నేను వంగిన దాన్ని అలాగే ఉండిపోయాను. ఒక మనిషి నవ్వుని, అక్కని, ఊరిని తీసేసుకున్నాననుకుంటూ వచ్చాను. ఆయన మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా తీసేసుకున్నానని అప్పుడు తెలిసింది.

"నాకు సెప్పి ఏటి లాభం?" అన్నారు. "మా అప్పకి సెప్పాల. అప్ప లేదు." మళ్ళీ, "నువ్వు పుస్తకాలు రాస్తావంట కదా. రాయి. నా పేరు ఎట్టి రాయి. ఊరు సదువుతాది" అన్నారు.

విజయ ఆ రోజు అక్కడే ఉండిపోయింది. నేను ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చాను. ముందుమాట ఆమె నన్ను మళ్ళీ అడగలేదు, అడగదు కూడా. అందుకని నా పుస్తకంలోనే రాస్తున్నాను, ఆయన అడిగినట్టే, పేరు పెట్టి. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసిన జగన్నాథం, సత్యవతమ్మ తమ్ముడు, తవిటినాయుడు మేష్టారి గురించి ఏ పోలీసుకీ ఏమీ చెప్పలేదు. చెప్పింది కోటబొమ్మాళి బజారు సెట్టిగారి కూతురు కామేశ్వరి, అంటే నేను. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. మంచినీళ్ళడిగినట్టు అడిగారు, అడిగినదానికంటే ఎక్కువే చెప్పాను.